ముగ్గురాయి, తోలుబొమ్మ, క్ష-కిరణము

తోలుబొమ్మలాట చూచినవారికి ఎక్స్‌రే యంత్రపు మర్మమును బోధించుట సులభము. రాయలసీమ పల్లెలలో ఒకప్పుడు ఊరి బయట తెల్లని పంచెలను కలిపి కుట్టి తెరగా కట్టెడివారు. తెర వెనుక దీపము, దీపమునకును తెరకును నడుమ బొమ్మ, తెరకు ముందు జనము. ధర్మవరము చెంతనున్న నిమ్మలకుంటలో నేటికిని ఈ బొమ్మలను చేయు కుటుంబములు కలవు. మేకతోలును పలుచగా గీకి, రంగులద్ది, దాని గుండ వెలుగు కొంత పోవునట్లును కొంత ఆగునట్లును చేయుటలోనే వారి నేర్పంతయు ఉన్నది. తోలు మందముగా నున్నచోట చీకటి, పలుచగా నున్నచోట వెలుగు. ఆ హెచ్చుతగ్గులే తెరమీద హనుమంతుడై లంకకు దూకును.

మనుష్యుని శరీరము క్ష-కిరణములకు అట్టి తోలుబొమ్మయే. ఊపిరితిత్తులు పలుచని తోలు. కండ కొంచెము మందము. ఎముక మరింత మందము. దీపము స్థానమున కిరణనాళము, పంచె స్థానమున మెరయు తెర. ఎక్స్‌రే తీయించుకొనుటనగా సామాన్యముగా మనకు తెలిసినది ఫిల్ము. అది బొమ్మలాటలో ఒక్క నిమిషమును పట్టి గోడకు అంటించుట వంటిది. అట్లుగాక ఆట జరుగుచుండగనే చూచుట మరొకటి. గుండె కొట్టుకొనుట, మ్రింగిన ముద్ద గొంతు దిగుట, విరిగిన తొడ యెముకలోనికి డాక్టరు దించుచున్న కడ్డీ ఎంతవరకు పోయినదో ఆ క్షణముననే కనబడుట. దీనిని ఫ్లోరోస్కోపీ యందురు. ఫ్లోరోసెన్సునకు మన శాస్త్రగ్రంథకర్తలు ‘ప్రతిదీప్తి’ యని చక్కని మాట కూర్చిరి గనుక, దీనిని ప్రతిదీప్తి దర్శన మనవచ్చును.

మాటల ప్రసక్తి వచ్చినది గనుక తెలుగు పండితునిగా ఒక్క ముచ్చట చెప్పి ముందునకు సాగెదను. బీజగణితములో తెలియని రాశికి ఎక్స్ అని పేరు పెట్టుదురు. తాను కనుగొన్న కిరణముల స్వభావము తెలియక రాంట్‌జన్ వానికి ఆ యక్షరమునే పేరుగా నుంచెను. మనవారు దానిని తెలుగు చేయవలసి వచ్చినప్పుడు ‘అజ్ఞాత కిరణము’ అని అర్థమును అనువదింపక, ధ్వనిలో దగ్గరగా నున్న ‘క్ష’ను తీసికొనిరి. మన వర్ణమాల చిట్టచివర తరచుగా చేర్చబడు సంయుక్తాక్షరమది. అనువాదములన్నిటిలోను ఇంతటి చమత్కారము అరుదు. పాఠ్యపుస్తకములలో ఇప్పుడిప్పుడు ‘ఎక్స్ కిరణాలు’ అనియే వ్రాయుచున్నారు. నాకు మాత్రము పాత మాటయే రుచించును.

రాంట్‌జన్ ఈ కిరణములను కనుగొన్నది ఫిల్ముమీద కాదు, ప్రతిదీప్తి వలననే యన్నది విద్యార్థులు గమనింపదగినది. 1895 నవంబరు 8వ తేదీ సాయంకాలము, జర్మనీలోని వుర్ట్స్‌బర్గు నగరమున, ఆయన చీకటి గదిలో నల్లని అట్టతో కప్పిన గాజు నాళములోనికి విద్యుత్తును పంపుచుండెను. కొంత దూరమున బేరియం ప్లాటినోసయనైడు పూసిన తెర యొకటి ఉన్నది. అది మెరసినది. నాళము నుండి వెలుగు బయటికి వచ్చు దారి లేదు. అయినను తెర మెరసినది. నడుమ చేయి పెట్టి చూచినప్పుడు తన చేతి యెముకల నీడయే ఆయనకు కనబడెను. భార్య చేతి యెముకలను, వ్రేలి యుంగరముతో సహా, ఫలకముమీద ముద్రించుట డిసెంబరు 22వ తేదీ మాట. అనగా కదలెడు నీడ ముందు పుట్టినది, నిలిచిన చిత్రము తరువాత పుట్టినది. 1901లో భౌతికశాస్త్రమునకు మొట్టమొదటి నోబెలు బహుమానము ఆయనకే వచ్చెను.

ఆ మరుసటి సంవత్సరమే, 1896లో, అమెరికాలో ఎడిసన్ ఈ పనికి పూనుకొనెను. బేరియము తెర కంటె కాల్షియం టంగ్‌స్టేటు తెర ప్రకాశవంతముగా మెరయునని కనుగొని, కన్నులకు ఆనించుకొని చూచు పెట్టె నొకదానిని చేసెను. న్యూయార్కు ప్రదర్శనలో జనము బారులు తీరి తమ చేతి యెముకలను తాము చూచుకొని ఆశ్చర్యపడిరి. ఆ పెట్టెలను, నాళములను ప్రతిదినము పరీక్షించినవాడు ఎడిసన్ సహాయకుడు, గాజు పనివాడు, క్లారెన్స్ డాలీ. నాళము సరిగా పనిచేయుచున్నదో లేదో తెలిసికొనుటకు తన చేతినే అడ్డముగా పెట్టి చూచెడివాడు. ఎడమ చేయి మండినప్పుడు కుడి చేతిని పెట్టెను. వెండ్రుకలు రాలెను, పుండ్లు పడెను, అవి మానలేదు, క్యాన్సరుగా మారెను. రెండు చేతులను తీసివేసినను ఆతడు బ్రతుకలేదు. 1904లో, 39 ఏండ్ల వయసున మరణించెను. ఎడిసన్ అటుపిమ్మట క్ష-కిరణముల పనిని వదలివేసెను. ఇట్లు ఈ కిరణములతో పనిచేసి ప్రాణములు గోల్పోయిన డాక్టర్లకును, నర్సులకును, సహాయకులకును 1936లో జర్మనీలోని హాంబర్గు నగరమున ఒక స్మారకశిల నిలిపిరి. ఆనాడు దానిపై చెక్కిన పేర్లు 169. తరువాత మరికొన్ని వందలు చేరినవి.

అయినను ఈ చూపు వలన తెలిసినవి సామాన్యమైన సంగతులు కావు. 1896 చివర హార్వర్డులో వైద్యము చదువుచున్న వాల్టర్ కానన్ అను విద్యార్థి, పొడవైన మెడ గల బాతునకు బిస్మతు కలిపిన మేత పెట్టి, ముద్ద మెడలో దిగుటను తెరమీద చూచెను. తరువాత పిల్లుల కడుపులను చూచుచుండగా ఒక విచిత్రము గోచరించినది. పిల్లి ప్రశాంతముగా నున్నప్పుడు దాని జీర్ణాశయము అలలు అలలుగా కదలుచున్నది. భయపడినను, చిరాకుపడినను ఆ కదలిక టక్కున ఆగిపోవుచున్నది! కోపమునకును కడుపునకును గల సంబంధమును కంటితో చూచిన మొదటివారిలో ఆయన యొకడు. భయము శరీరమును పోరాటమునకో పలాయనమునకో సిద్ధము చేయునని ఆయన తరువాత ప్రతిపాదించిన ప్రసిద్ధ సిద్ధాంతమునకు మూలము ఆ పిల్లియే. పరీక్షకు ముందు పిల్లవాని నెందుకు బెదిరింపగూడదో ఉపాధ్యాయులకు ఇంతకంటె మంచి నిదర్శనము దొరకదు. కానన్ కూడ తొలినాళ్ల నిర్లక్ష్యమునకు తన చర్మముతో మూల్యము చెల్లించుకొనెను.

కడుపు, ప్రేగులు మెత్తని కండ మాత్రమే గనుక వట్టిగా తెరమీద తెలియవు. వానికి రంగు వేయవలెను. కానన్ వాడిన బిస్మతు ఖరీదైనది, కొన్ని వేళల విషమైనది కూడ. 1910 ప్రాంతముల నుండి దాని స్థానమును బేరియం సల్ఫేటు ఆక్రమించెను. ఇది మనకు క్రొత్త వస్తువు కాదు. పూర్వపు కడప జిల్లాలోని మంగంపేట గనులలో దొరకు ముగ్గురాయి ఇదియే! ప్రపంచమునందలి అతిపెద్ద ముగ్గురాయి నిక్షేపములలో మంగంపేటది యొకటి. అచ్చటి రాయి అధికముగా పోవునది చమురు బావులకు: బావి త్రవ్వునప్పుడు లోనికి పోయు బురద బరువుగా నుండవలెనని దీనిని పొడి చేసి కలుపుదురు. ఆ బరువే ఎక్స్‌రే గదిలోను పనికివచ్చుచున్నది. బేరియము పరమాణువు కాల్షియముకంటె చాల పెద్దది. క్ష-కిరణమునకు గట్టిగా అడ్డుపడును. బేరియము కలిపిన పాలవంటి ద్రవమును త్రాగిన రోగి అన్ననాళము, జీర్ణాశయము తెరమీద ముగ్గువలె గీతలు గీతలుగా తీర్చబడును. ముగ్గులో ఎక్కడ తెగుదల ఉన్నదో అక్కడ పుండో, గడ్డయో, ఇరుకో ఉన్నదని డాక్టరు పోల్చుకొనును.

ఇచ్చట విద్యార్థులకు ఒక హెచ్చరిక చేయవలెను. ఆసుపత్రిలో ఇచ్చునది గని నుండి వచ్చిన రాతిపొడి కాదు; రసాయన విధానమున శుద్ధి చేసి తయారుచేసినది. బేరియం సల్ఫేటు నీటిలోను కడుపులోని ఆమ్లములోను కరగదు గనుకనే ప్రమాదము లేకుండ లోపలికి పోయి బయటికి వచ్చుచున్నది. దాని చుట్టమైన బేరియం కార్బొనేటు ఎలుకల మందు. ఒక్క లవణము పేరు మారిన మందు విషమగును. మరొక చమత్కారము: ఈ ముగ్గురాయి పొడినే సిమెంటులో కలిపి ఎక్స్‌రే గదుల గోడలకు పూయుదురు. రోగి లోపల చిత్రము గీయునదియు అదియే, గది బయట కూర్చున్నవారిని కాపాడునదియు అదియే.

మొదటి యేబది సంవత్సరములు ఫ్లోరోస్కోపీ చీకటి గది విద్య. తెర మెరుగు మిణుగురు వెలుగంత. డాక్టరు కన్ను చీకటికి అలవాటుపడుటకు 20, 30 నిమిషములు పట్టును. నడుమ బయటికి పోయి వచ్చిన మరల మొదటికి వచ్చును గనుక ఎఱ్ఱ అద్దముల జోడు పెట్టుకొని తిరిగెడివారు. ఎఱుపు రంగు చీకటిచూపును చెడగొట్టదు. ఆ మసక తెర కొరకు కిరణములు ఎక్కువగా వాడవలసి వచ్చెడిది. డాక్టరు ముఖము తెరకు ఎదురుగానే ఉండెడిది. ఆ దినములలోనే పాశ్చాత్య దేశములలో చెప్పుల దుకాణములలో సైతము ఇట్టి పెట్టెలు ఉంచి, పిల్లల పాదములకు జోడు సరిపోయినదో లేదో ఎముకలతో సహా చూపెడివారు. వ్యాపారమునకు శాస్త్రము దొరికిన ఇట్లే యుండును. 1950ల నుండి ఆ నీడను వేలరెట్లు ప్రకాశవంతము చేయు సాధనములు వచ్చి ఎఱ్ఱజోళ్లకు సెలవిచ్చినవి. నేడు తెర స్థానమున పలుచని ఎలెక్ట్రానిక్ ఫలకము, డాక్టరు ఎదుట టెలివిజను.

ఆ మార్పుల కాలముననే తెలుగుదేశములో ఈ విద్యకు ఒక పెద్ద దిక్కు ఏర్పడెను. కృష్ణా జిల్లా పెదముత్తేవిలో 1925లో జన్మించిన కాకర్ల సుబ్బారావు గారు విశాఖపట్టణమున వైద్యము చదివి, 1951లో అమెరికాకు వెళ్లి, క్ష-కిరణ వైద్యములో పట్టము పొంది, 1956లో తిరిగి వచ్చి హైదరాబాదు ఉస్మానియా వైద్యకళాశాలలో బోధకులైరి. ఉస్మానియా ఆసుపత్రిలో ప్రధాన రేడియాలజిస్టుగా పనిచేసిరి. మరల అమెరికాకు వెళ్లి అచ్చట ఆచార్యులై, అక్కడి తెలుగువారి సంఘమునకు తొలి అధ్యక్షులై, తిరిగి స్వదేశమునకు వచ్చి నిజాము వైద్య విజ్ఞాన సంస్థకు సంచాలకులైరి. 2000లో పద్మశ్రీ వచ్చెను. 2021లో, 96 ఏండ్ల వయసున, పరమపదించిరి. కిరణములను ఎరిగి, వానికి తగిన మర్యాద నిచ్చి పనిచేసిన తరము వారిది.

1956 మన ప్రాంతమునకును గుర్తుంచుకొనదగిన సంవత్సరమే. కర్నూలు నుండి రాజధాని హైదరాబాదునకు తరలిపోయిన ఆ యేడే కర్నూలునకు వైద్యకళాశాల దక్కినది. ఆ యేడే జర్మను డాక్టరు ఫోర్స్‌మన్‌కు నోబెలు బహుమానము వచ్చినది. ఆయన కథ కొంత విపరీతము. 1929లో ఎబర్స్‌వాల్డె అను చిన్న పట్టణపు ఆసుపత్రిలో కుఱ్ఱ డాక్టరుగా నుండి, పెద్దలు వద్దన్నను, తన చేతి రక్తనాళములోనికి తానే సన్నని గొట్టమును దూర్చుకొని, దానితోనే ఎక్స్‌రే గదికి నడిచిపోయి, ప్రతిదీప్తి తెరలో చూచుకొనుచు దానిని గుండె వరకు త్రోసెను! గుండెను తాకిన మనిషి చచ్చునని అందరును అనుకొనుచున్న కాలమది. ఆతడు చావలేదు. నేటి గుండె చికిత్స అంతయు ఆ సాహసము నుండి పుట్టినదే. 1977లో జూరిచ్‌లో గ్రూంట్‌సిగ్ అను వైద్యుడు గుండె ధమనిలో చిన్న బుడగను ఊది పూడికను విప్పెను. పిదప ఆ ధమని మరల మూసికొనకుండ లోహపు జల్లెడ గొట్టమును నిలుపు పద్ధతి వచ్చినది. అదే స్టెంటు.

స్టెంటు ఖరీదు సామాన్యునికి అందని దినములలో, హైదరాబాదు హృద్రోగ నిపుణులు సోమరాజు గారును, క్షిపణి శాస్త్రజ్ఞులు అబ్దుల్ కలాం గారును కలిసి 1998లో తక్కువ వెలకు ఒక స్టెంటును చేయించిరి. కలాం-రాజు స్టెంటని దానికి పేరు. 2007లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఆరోగ్యశ్రీని ప్రారంభించిన పిమ్మట తెల్లకార్డువారికి కూడ ఈ చికిత్స అందుబాటులోనికి వచ్చెను. 2017లో కేంద్రము స్టెంటు ధరకు హద్దు పెట్టినది. ఇక కడుపు వైద్యమునకు వచ్చిన, కర్నూలు వైద్యకళాశాలలోనే చదివిన నాగేశ్వరరెడ్డి గారు నోటి గుండ గొట్టమును పంపి, పైత్యరసపు నాళములోనికి అయోడిను ద్రవమును ఎక్కించి, తెరమీద చూచుచు అందులోని రాళ్లను కోత లేకుండ తీయు విద్యలో ప్రపంచఖ్యాతి గడించిరి. 2025లో వారికి పద్మవిభూషణ్ వచ్చినది. ఈ విద్యలన్నిటికిని కన్ను ఒక్కటే, కదలెడు క్ష-కిరణ చిత్రము. అర్ధచంద్రాకారమున నుండు ‘సి-ఆర్మ్’ అను యంత్రము రూపమున ఆ కన్ను నేడు చిన్న పట్టణములలోని ఎముకల ఆసుపత్రులకును వచ్చినది. ఎమ్మిగనూరు, ఆదోని ప్రాంతపు రోగి గుండె నొప్పితో 60, 70 కిలోమీటర్లు దాటి కర్నూలునకో, పాత అలవాటున బళ్లారికో పోవును. 1953 దాక ఆదోని తాలూకా బళ్లారి జిల్లాలోనిదే కదా! అచ్చట బల్లమీద పరుండినప్పుడు తన వీపు క్రింద ఏమి జరుగుచున్నదో ఆతడు ఎరుగడు. ఎరుగవలసిన సంగతి అదే.

ఎమ్మిగనూరు మగ్గముల ఊరు. నేతగాని కాలి క్రింద తొక్కుడు పలక ఉండును. తొక్కిన పడుగు విడును, కాలు తీసిన నిలుచును. ఫ్లోరోస్కోపీ యంత్రమునకును అట్టి తొక్కుడు పలకయే. డాక్టరు పాదము దానిమీద నున్నంతసేపు కిరణములు వచ్చును. తీసిన వెంటనే ఆగును. గదిలో కిరణములు నిలువ యుండవు, గోడలకు అంటుకొనవు. ఇది తెలియక కొందరు ఆ గదిలోని కుర్చీని తాకుటకు కూడ వెరతురు. వెరవవలసినది కుర్చీకి కాదు, పాదము ఎంతసేపు ఆనియున్నదో దానికి.

ఎంత కిరణము ఎంత హాని? శరీరమంతటికిని లెక్కించి చెప్పు కొలతను సీవర్టు అందురు. అందులో వేయవవంతు మిల్లీసీవర్టు. మట్టి, గాలి, ఆకాశము నుండి ప్రతి మనిషికిని ప్రకృతి ఏటా ఇచ్చునది ప్రపంచపు సగటున 2.4 మిల్లీసీవర్టులు. ఛాతీ ఎక్స్‌రే ఒకటి దానిలో వందవ వంతునకు అటునిటు. బేరియము త్రాగించి చేయు పరీక్షకు 6 మిల్లీసీవర్టుల వరకు. గుండె ఆంజియోగ్రాముకు సుమారు 7, స్టెంటు చికిత్సకు సుమారు 15; చిక్కైన సందర్భములలో దానికి ఎన్నోరెట్లు. పదునైదనగా ఆరేండ్ల ప్రకృతి వాటాను ఒక్క పూటలో తీసికొనుట. దీని వలన తరువాతి కాలమున క్యాన్సరు వచ్చు అవకాశము ఏ కొద్దిగనో పెరుగును. ఆగిపోవుచున్న గుండె ముందు ఆ కొద్ది ఎంత? వృద్ధుడైన రోగి ఆ లెక్కకు వెరచి స్టెంటును వద్దనుట, పాము కరచినవాడు సూదికి వెరచుట వంటిది.

అయితే చర్మము సంగతి వేరు. కిరణములన్నియు వీపులో ఒకే అరచేతి మేర గుండ గంటసేపు లోనికి పోయిన, అచ్చటి చర్మము వండినట్లగును. చర్మము గ్రహించిన శక్తిని గ్రే అను కొలతతో చెప్పుదురు. 2 గ్రేలు దాటిన చర్మము ఎఱ్ఱబడవచ్చును. ఇంకను పెరిగిన వెండ్రుకలు రాలును. పది, పదునైదు దాటిన మానని పుండు పడును. 1994లో అమెరికా ఔషధ నియంత్రణ శాఖ ఇట్టి కాలిన గాయములను గూర్చి వైద్యులందరికిని హెచ్చరిక పంపినది. అంతకు పూర్వము ఎందరు డాక్టర్లకో తమ చికిత్స వలన ఇట్టి గాయము పడునన్న తలంపే లేదు. ఏలనగా ఆ గాయము నిప్పుగాయమువలె వెంటనే కనబడదు. పూటకు పోవు ఎఱుపు మొదట రావచ్చును. అసలు మంట రెండు మూడు వారములకు, పుండు నెలలకు. అప్పటికి రోగి ఇంటికి చేరి వేరుసెనగ చేనిలో నుండును. స్థానిక డాక్టరు తామరయని లేపనము ఇచ్చును, లేదా ఏదియో కుట్టినదనును. స్టెంటు వేసినది ఛాతీలోపల, పుండు లేచినది వీపుమీద; రెంటికిని సంబంధము ఎవరికి తట్టును?

దీనిని నివారించు ఉపాయములన్నియు బొమ్మలాట వారు ఎరిగినవే. బొమ్మను దీపమునకు దగ్గరగా జరిపిన నీడ పెరుగును, అంచులు మసకబారును. తెరకు ఆనించిన నీడ చిన్నదై పదునుగా నుండును. రోగి కూడ కిరణనాళమునకు దూరముగను, ఫలకమునకు దగ్గరగను ఉండవలెను. అప్పుడు చిత్రము స్పష్టము, చర్మమునకు తాపము తక్కువ. చిత్రమును పెంచి చూపు మీట ఉండును. అది సుఖమైనదే గాని చర్మమునకు ఖరీదైనది. కావలసినంత మేరకే కిరణపు కిటికీని మూసికొనవలెను. అరవీసము పనికి తలుపులన్నియు తెరువనక్కరలేదు. ఒకే కోణమున చూచుచుండక అప్పుడప్పుడు యంత్రమును త్రిప్పిన ఒకే చర్మముమీద భారము పడదు. సెకనుకు 30 చిత్రములకు బదులు 15 చాలునన్న, కిరణములు సుమారు సగమగును; చాలచోట్ల 7 చిత్రములతో కూడ పని జరుగును. కాలు తీసిన తరువాత కూడ కడపటి చిత్రము తెరమీద నిలిచియుండును గనుక, ఆలోచించుకొనుటకు కాలు తొక్కియుంచ నక్కరలేదు. అయిదు నిమిషములకొకసారి యంత్రము గంట కొట్టును. ఆ గంటను నోరు మూయించి పని సాగించుట కొందరికి అలవాటు!

రోగి ఒకనాడు పరుండి లేచిపోవును. ఆ గదిలో ప్రతిదినము నిలుచువారి సంగతి చూడవలెను. వారిమీద పడునది సూటి కిరణము కాదు, రోగి శరీరమును తాకి చెదరిన కిరణము. రోగి చర్మమును తాకుదానిలో ఒక మీటరు దూరమున సుమారు వేయవవంతు ఉండును. రెండు మీటర్లకు అందులో నాల్గవ వంతు, మూడు మీటర్లకు తొమ్మిదవ వంతు. దీపపు వెలుగు తగ్గు సూత్రమే ఇచ్చటను వర్తించును. దీనిని తరగతిలో కొవ్వొత్తితోను గళ్ల కాగితముతోను చూపవచ్చును. ఒక్క అడుగు వెనుకకు వేయుట ఎంత కవచమో దాని వలన పిల్లలకు తెలియును. చెదరు కిరణములు ఎక్కువగా నాళమున్న వైపునకే వెనుకకు మరలును. అందుచేతనే నాళమును బల్ల క్రింద నుంచుదురు: ముఖమునకు బదులు కాళ్లకు తగులును, కాళ్లకు సీసపు తెర వ్రేలాడగట్టుదురు. నాళమును పైకి త్రిప్పి పనిచేయు డాక్టరు తన కన్నులకు తానే అపకారము చేసికొనుచున్నాడు.

అర మిల్లీమీటరు సీసమునకు సమానమైన ఏప్రాను చెదరు కిరణములలో పదింట తొమ్మిది వంతులకు పైగా ఆపును. కాని దానిని పట్టుపంచెవలె మడవరాదు. మడతలో చీలికలు పడును, ఆ చీలికలు కంటికి కనబడవు. కొయ్యకు వ్రేలాడదీయవలెను, ఏటేట ఎక్స్‌రేతోనే పరీక్షింపవలెను. నేను ఎరిగిన ఒక ఆసుపత్రిలో గది సహాయకుడు ప్రతిదినము పిల్లల కాళ్లు చేతులు కదలకుండ పట్టుకొనుచుండెను. ఏప్రాను మాత్రము కుర్చీ వీపున నాలుగు మడతలై యుండెను. బరువండి, ఉక్కయండి అని ఆతని సమాధానము. మే నెలలో మన ఎండ ఎరిగినవారెవరును ఆతని మాట కాదనలేరు. గదికి చల్లదనము కల్పింపని యజమాని ఏప్రాను వేసికొనలేదని సహాయకుని తప్పు పట్టుట న్యాయము కాదు. పిల్లవానిని పట్టుకొనవలసియే వచ్చినచో, ఏప్రాను తొడిగి ఆ పనిని తల్లికో తండ్రికో ఒక్కసారికి అప్పగించుట మేలు. తల్లి గర్భిణియైనచో అదియు కూడదు.

ఈ గదిలో పనిచేయు ప్రతివారును రొమ్ముమీద, ఏప్రాను లోపల, ఒక చిన్న బిళ్లను ధరింపవలెను. దానిలోని కాల్షియం సల్ఫేటు బిళ్లలు తమమీద పడిన కిరణములను జ్ఞాపకముంచుకొని, ప్రయోగశాలలో వేడిచేసినప్పుడు వెలుగు రూపమున అప్పగించును. మూడు నెలలకొకసారి లెక్క వచ్చును. మన దేశమున అణుశక్తి నియంత్రణ మండలి 1983 నుండి ఈ వ్యవహారమును చూచుచున్నది. పనివారికి అయిదేండ్ల సగటున ఏటికి 20 మిల్లీసీవర్టులు, ఏ ఒక్క యేటను 30కి మించరాదు. సామాన్య జనులకు 1. ఈ బిళ్లను సొరుగులో పెట్టి పనిచేయు వైద్యులును కలరు. హద్దు దాటినట్లు లెక్క తేలిన కొంతకాలము పని మానవలసి వచ్చునని వారి భయము. దాచినది బిళ్లనే గాని కంటిని కాదు. కంటిలోని కటకము ఈ కిరణములకు చాల సుకుమారమైనది. అర గ్రే చేరినను ఏండ్ల తరువాత పొర కమ్మవచ్చునని 2011లో అంతర్జాతీయ సంఘము నిర్ణయించి, పనివారి కంటికి అంతకు ముందున్న 150 మిల్లీసీవర్టుల హద్దును ఏటికి 20కి దించవలెనని సలహా ఇచ్చెను. సీసపు కండ్లజోడు, కంఠమునకు సీసపు పట్టెడ ఇప్పుడు విలాసములు కావు.

గర్భము దాల్చిన స్త్రీ, దాల్చినదేమోయని సందేహమున్న స్త్రీ, బల్ల ఎక్కక ముందే ఆ మాట చెప్పవలెను. మన ఇండ్లలో క్రొత్త కోడలు ఈ మాటను పరాయి మగవాని ముందు చెప్పుటకు సిగ్గుపడును. అత్తయో, వదినెయో, నర్సో అడిగిన చెప్పును. అడుగుట ఆసుపత్రి బాధ్యత. గది తలుపుపై ఈ హెచ్చరిక తెలుగులో ఉండవలెను. మన సరిహద్దు పల్లెలవారి కొరకు కన్నడములోను ఉర్దూలోను ఉన్నచో ఇంకను మంచిది. ఇంగ్లీషులో మాత్రమే వ్రాసిన హెచ్చరిక గోడకు అలంకారము.

ఇక రోగి ఇంటికి తెచ్చుకొనవలసినది ఒక్కటి మిగిలినది. నేటి యంత్రములు ఎంతసేపు కిరణములు వెలువడినవో, చర్మపు స్థానమున ఎన్ని గ్రేలు చేరినవో తామే లెక్కించి చూపును. ఆ సంఖ్యను డిశ్చార్జి కాగితముమీద వ్రాసి యిమ్మని అడుగవచ్చును. 5 గ్రేలు దాటినదని యున్నచో, ఇంటివారు నెల దినములు ఆతని వీపును అద్దములో కాక తమ కన్నులతో చూచుచుండవలెను. చతురస్రముగనో గుండ్రముగనో ఎఱుపు లేచినచో గోకనీయక, ఆకు పసరులు పూయక, చికిత్స చేసిన ఆసుపత్రికే తెలుపవలెను. మరల ఎప్పుడైన ఏ ఊరి ఆసుపత్రిలోనైన గుండె పరీక్ష చేయించవలసి వచ్చిన, ముందటి కిరణములు ఏ చర్మము గుండ పోయినవో తెలిసిన డాక్టరు కోణము మార్చి పనిచేయును. కనుక పల్లెటూరి ఇంటిలో ఆ కాగితము ఉండవలసిన చోటు అటక కాదు. పెట్టెలో, పట్టాదారు పాసుపుస్తకము ప్రక్కన.